డీవీడీకి కొత్త మెనూ సరే.. మరి సౌండ్ సంగతేంటి?

పాత పెళ్లి డీవీడీకి కొత్త మెనూ పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఓ వీకెండ్ ప్రాజెక్టు. అమ్మానాన్నల పెళ్లిరోజు దగ్గర పడుతోందనగానే బీరువాలోంచి డిస్క్ బయటికి తీయడం, కంప్యూటర్‌లోకి లాగడం, పాత మెనూలో గిరగిర తిరిగే గులాబీలు, హార్ట్ సింబల్స్ పీకేసి నీట్‌గా ఓ ఫొటో, నాలుగు బటన్లు పెట్టి మళ్లీ బర్న్ కొట్టడం. ఐడియా మంచిదే. మెనూ కూడా బాగానే వస్తుంది. తేడా కొట్టేది సౌండ్ దగ్గరే. పంతులుగారి పెదాలు ఆగిపోయాక మంత్రం వినిపిస్తుంది. డోలు మీద కర్ర పడిన అరసెకను తర్వాత దెబ్బ మోగుతుంది. లేదంటే మెనూలో పాట చెవులు చిల్లులు పడేలా వచ్చి, ప్లే నొక్కగానే అసలు వీడియో గుసగుసలాడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ సమస్యల్లో చాలావరకు డిస్క్‌లో లేవు, మనం పట్టుకున్న పద్ధతిలో ఉన్నాయి. మెనూ మార్చడానికి ఆడియోని ముట్టుకోవాల్సిన పనే లేదు. ముట్టుకుంటున్నాం కాబట్టే పాడవుతోంది. పైగా ఇలాంటి వీడియోల్లో బొమ్మకంటే గొంతే విలువైనది. తాతయ్య ఫొటోలు ఇంట్లో పది ఉంటాయి. ఆయన గొంతు మాత్రం ఆ డిస్క్‌లో ఎక్కడో నలభై సెకన్లు ఉంటుంది, అంతే.

ఎంపీ4 దారి ఎందుకు వద్దంటున్నానంటే

యూట్యూబ్‌లో ఏ ట్యుటోరియల్ చూసినా వరస ఒకటే. డీవీడీని రిప్ చెయ్, ఎంపీ4గా మార్చు, ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడెయ్, టెంప్లేట్ ఎంచుకో, బర్న్ చెయ్. ఇందులో జరిగేది చూడండి. డిస్క్‌లో ఉన్న ఏసీ-3 ఆడియో, అంటే మనం డాల్బీ డిజిటల్ అనేది, ముందు ఏఏసీ అవుతుంది. డీవీడీకి ఏఏసీ పనికిరాదు కాబట్టి అది మళ్లీ ఏసీ-3 అవుతుంది. రెండుసార్లూ కొంత పోతుంది. జెరాక్స్‌కి జెరాక్స్ తీసినట్టు. అసలే క్యామ్‌కార్డర్ మైక్, ఫంక్షన్ హాల్ గోల, దానికి ఈ రెండు తరాల నష్టం కలిస్తే మాటలు నీళ్లలో మాట్లాడినట్టు తయారవుతాయి.

అంతకంటే పెద్ద నష్టం టైమింగ్‌ది. డీవీడీలో వీడియో, ఆడియో వీఓబీ ఫైళ్లలో కలిపి కుక్కి ఉంటాయి. ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకూడదు కాబట్టి గంటన్నర వీడియో నాలుగైదు ముక్కలుగా కనిపిస్తుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఏ ముక్క తర్వాత ఏది రావాలి అనే లెక్కంతా పక్కనున్న ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. వీఓబీ లోపల టైమ్‌స్టాంపులు ఒక్కోచోట సున్నా నుంచి మళ్లీ మొదలవుతాయి కూడా. డీవీడీ ప్లేయర్‌కి ఆ సంగతి తెలుసు, ఐఎఫ్ఓ చూసి సర్దుకుంటుంది. మనం మాత్రం వీఓబీలను కాపీ చేసి ఒకదాని వెనక ఒకటి అతికించేస్తాం. లెక్కల పుస్తకం చింపేసి సరుకు మాత్రం ఇంకో కొట్టుకి మార్చినట్టన్నమాట. కన్వర్టర్‌కి ఆ దూకుళ్లు అర్థంకాక ఒకచోట ఆడియో కోసేస్తుంది, ఇంకోచోట ఖాళీ పెడుతుంది. మీరు పెట్టిన అందమైన చాప్టర్ బటన్ నొక్కితే తలంబ్రాల బొమ్మ మీద ఇంకెవరిదో మాట వస్తుంది.

సరైన దారి ఏంటంటే, ముందు డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఇమేజ్‌గా తీసి పక్కన పెట్టుకోవాలి. ఇంట్లోనో, మన ఊరి స్టూడియోలోనో చేసిన డిస్క్‌కి సాధారణంగా కాపీ ప్రొటెక్షన్ ఉండదు కాబట్టి ఇది పది నిమిషాల పని. తర్వాత పీజీసీడీమక్స్ లాంటి పాత ఫ్రీ టూల్‌తో వీడియో, ఆడియోలను ఎన్‌కోడ్ చేయకుండా విడదీయాలి. ఆ టూల్ చివర్లో ఓ లాగ్ ఫైల్ ఇస్తుంది. దాన్ని ఎవరూ తెరవరు. తెరవండి. అందులో ఆడియో డిలే అని ఓ అంకె ఉంటుంది, మిల్లీసెకన్లలో. అసలు డిస్క్‌లో ఆడియో వీడియోకంటే ఎంత ముందో, ఎంత వెనకో అది చెబుతుంది. మళ్లీ కలిపేటప్పుడు మక్స్‌మ్యాన్ లాంటి దానిలో ఆ అంకెని అలాగే వేస్తే సింక్ గొడవ చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది. ఆ అంకెని వదిలేసి, తర్వాత ఎడిటర్‌లో గంటలు గంటలు ఆడియోని ముందుకీ వెనక్కీ జరుపుతుంటారు!

డీవీడీస్టైలర్ వాడేవాళ్లయితే టైటిల్ ప్రాపర్టీస్‌లో వీడియోకి, ఆడియోకి కాపీ అనే ఆప్షన్ చూసుకోండి. అది ఎంచుకుంటే మెనూ మాత్రమే కొత్తగా తయారవుతుంది, సినిమా అలాగే ఉంటుంది. పని కూడా గంటల నుంచి నిమిషాలకి దిగుతుంది.

వీసీడీల కథ వేరు

మన దగ్గర 2000ల మొదట్లో పెళ్లిళ్లన్నీ వీసీడీల మీదే ఉన్నాయి. 'పెళ్లి సీడీ' అనే మాట ఇప్పటికీ పోలేదు. రెండు మూడు సీడీల పెళ్లిని ఒకే డీవీడీలోకి ఎక్కించి మెనూ పెడదామనుకోవడం సహజం. ఇక్కడో చిక్కుంది. వీసీడీలో ఆడియో 44.1 కిలోహెర్ట్జ్ ఎంపీ2, 224 కేబీపీఎస్. డీవీడీ రూల్ ప్రకారం ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. 96 కూడా ఒప్పుకుంటుంది కానీ అది పీసీఎంకి మాత్రమే. ఎంపీ3కి చోటే లేదు.

విచిత్రం ఏంటంటే వీసీడీలోని బొమ్మని, అంటే 352 బై 288 ఎంపెగ్-1 వీడియోని, డీవీడీ అలాగే ఒప్పుకుంటుంది. చాలా సందర్భాల్లో దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు. మారాల్సింది ఆడియో ఒక్కటే. కానీ మనవాళ్లు ఏం చేస్తారు? వీడియోని 720కి సాగదీసి, పదునంతా పోగొట్టి, ఆడియో సంగతి సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తారు. కొన్ని పాత ఉచిత టూల్స్ రీశాంపుల్ చేయకుండా 44.1ని 48 అని లేబుల్ మార్చేస్తాయి. అప్పుడు గంట ఆడియో 55 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది, మామయ్య గొంతు చిన్నపిల్లాడి గొంతవుతుంది. డీవీడీలో అందరూ కీచుగా మాట్లాడుతుంటే అనుమానించాల్సింది ఇదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో శాంపుల్ రేట్ 48000 అని మీరే స్పష్టంగా చెబితే ఈ బాధ ఉండదు. అందులోనే లౌడ్‌నార్మ్ అనే వాల్యూమ్ ఫిల్టర్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త, మామూలు మోడ్‌లో అది ఆడియోని 192 కిలోహెర్ట్జ్‌కి తీసుకెళ్లి బయటికి వదులుతుంది. చివర్లో 48కి దింపమని చెప్పడం మీ పని.

కొబ్బరికాయ టెస్ట్

సింక్ పోయింది అనగానే అందరూ ఒకే మందు వేస్తారు, ఆడియోని కాస్త జరపడం. అది ఒక రకం జబ్బుకే పనిచేస్తుంది. ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి. సినిమా షూటింగ్‌లో క్లాప్ ఎందుకు కొడతారో మీకు తెలుసు. మన ఫంక్షన్లలో క్లాప్ బోర్డులకి కొదవలేదు. గృహప్రవేశంలో కొబ్బరికాయ కొట్టే క్షణం, పెళ్లిలో గట్టిమేళం అందుకోగానే డోలు మీద పడే మొదటి దెబ్బ, పుట్టినరోజులో పేలే బెలూన్. ఇలాంటివి వీడియో మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి పట్టుకుని ఎంత తేడా ఉందో రాసుకోండి.

మూడు చోట్లా ఒకే తేడా, ఉదాహరణకి 200 మిల్లీసెకన్లు ఉంటే అది స్థిరమైన డిలే. జరిపితే చాలు, ఎన్‌కోడ్ అవసరం లేదు. మొదట్లో సరిగ్గా ఉండి, గంటన్నర వీడియో చివరికి ఒకటిన్నర సెకను తేడా వస్తే అది డ్రిఫ్ట్. వీహెచ్ఎస్ క్యాసెట్‌ని క్యాప్చర్ చేసినప్పుడు ఇది మామూలే. బొమ్మ క్యాప్చర్ కార్డ్ గడియారం మీద, శబ్దం సౌండ్ కార్డ్ గడియారం మీద నడుస్తాయి, ఆ రెండు గడియారాలూ ఒకేలా నడవవు. 5400 సెకన్లలో ఒకటిన్నర అంటే 0.028 శాతం. ఇంత చిన్న సాగదీత చెవికి తెలియదు కాబట్టి ఆడాసిటీలో ఆ శాతం మేరకు స్పీడ్ మార్చుకోవచ్చు. ఇక్కడ మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు. ఇక తేడా మెల్లగా పెరగకుండా ఒక్కోచోట ఠక్కున దూకుతుంటే అది డిస్క్ మీద గీతలవల్లో, క్లిప్పులు అతికించిన చోటో వచ్చింది.

ఈ మూడోదే అసలు తలనొప్పి. పాల్ వీడియోలో ఒక ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. ఏసీ-3లో ఒక ఆడియో ఫ్రేమ్ 32 మిల్లీసెకన్లు. రెండూ ఒకేచోట ముగిసేది 160 మిల్లీసెకన్లకి ఒకసారే. అంటే మీరు వీడియో ఫ్రేమ్ చూసి ఎక్కడ కోసినా ఆడియో కొంచెం మిగులుతుంది, లేదా తగ్గుతుంది. ఒక్కో అతుకు దగ్గర 16 మిల్లీసెకన్లు చొప్పున మిగిలినా 20 క్లిప్పులకి 320 అవుతుంది. శబ్దం ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే, వెనకబడితే 125 దగ్గర మనిషి పసిగడతాడని అంతర్జాతీయ టెలికాం యూనియన్ లెక్క. మెరుపు తర్వాతే ఉరుము వినడం మనకి అలవాటు కదా, శబ్దం ఆలస్యమైతే కాస్త క్షమిస్తాం. ముందొస్తే అస్సలు క్షమించం. కాబట్టి అనుమానం ఉంటే ఆడియో ఓ ఫ్రేమ్ వెనక ఉండేట్టు చూసుకోవడమే నయం.

గీతల విషయంలో చాలా టూల్స్ చేసే పని ఒకటే, పాడైన ఆడియో ఫ్రేముల్ని పారేస్తాయి. పారేసిన ప్రతి ఫ్రేముకీ మిగతా ఆడియో అంతా 32 మిల్లీసెకన్లు ముందుకి జరుగుతుంది. డిలేకట్ లాంటి దాంట్లో పాడైన ఫ్రేము స్థానంలో నిశ్శబ్దం పెట్టే ఆప్షన్ ఉంది. చిన్న ఖాళీ వినబడితే వినబడనీ, వెనకున్న గంట వీడియో సింక్‌లో ఉంటుంది.

ఫోన్ క్లిప్పులు కలిపేవాళ్లకి

ఈ సైట్ చదివేవాళ్లలో చాలామంది చేసే పని ఇది. పాత డీవీడీకి కొత్త మెనూతో పాటు 'అప్పుడు-ఇప్పుడు' అని ఫోన్‌లో తీసిన వీడియో కూడా కలుపుతారు. ఫోన్లు చాలావరకు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌తో తీస్తాయి. 30 అని రాసున్నా వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గుతాయి. ఫోన్‌లో చూస్తే తేడా ఉండదు, డీవీడీ కోసం 25కి మార్చినప్పుడు మాత్రం ఆడియో జారిపోతుంది. ముందుగా హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి ఒకసారి తీసి, ఆ తర్వాతే ఆథరింగ్‌లోకి తీసుకెళ్లండి. అమెరికాలో ఉన్న బాబాయి వాళ్ల పాత క్యామ్‌కార్డర్ క్లిప్ అయితే అది ఎన్‌టీఎస్‌సీ, 29.97 ఫ్రేములు. దాన్ని 30 అనుకుని లెక్కేసే సాఫ్ట్‌వేర్ దొరికితే గంటకి 3.6 సెకన్లు తేడా.

ఇంకో రూల్ గుర్తుంచుకోవాలి. డీవీడీలో ఒకే టైటిల్‌సెట్‌లో ఉన్న వీడియోలన్నిటికీ ఆడియో ఫార్మాట్ ఒకటే ఉండాలి. పాత పెళ్లి ఎంపీ2, కొత్త ఫోన్ క్లిప్ ఏసీ-3 అయితే వాటిని ఒకే సెట్‌లో పడేయకండి. ప్లేయర్ మొదటిదాన్ని చూసి రెండోదాన్ని కూడా అలాగే చదవబోయి మూగబోతుంది. వేరే టైటిల్‌సెట్ చేస్తే సరిపోతుంది, దానికోసం పాతదాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయొద్దు.

మెనూ సౌండ్

మెనూలో సినిమా పాట పెట్టడం మీ ఇష్టం, నాకైతే నచ్చదు. అదే డిస్క్‌లోంచి పది పదిహేను సెకన్ల సన్నాయి, లేదా అమ్మమ్మ ఎవరినో 'భోంచేశావా' అని అడిగే ముక్క తీసి పెట్టండి, ఏ టెంప్లేటూ దాని ముందు నిలవదు. టెక్నికల్‌గా కూడా లాభముంది, మెనూకీ వీడియోకీ లౌడ్‌నెస్ దానంతటదే దగ్గరగా ఉంటుంది.

ప్లే నొక్కగానే మొదటి మాట మింగేయడం ఇంకో సాధారణ ఫిర్యాదు. సౌండ్‌బార్, హోమ్ థియేటర్ ఉన్నవాళ్లకే ఇది వస్తుంది. మెనూ ఆడియో పీసీఎంలో, వీడియో ఏసీ-3లో ఉంటే రిసీవర్ ఫార్మాట్ మార్చుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఆ సమయంలో వచ్చిన మాట పోయినట్టే. మెనూ ఆడియోని కూడా వీడియో ఏ ఫార్మాట్‌లో ఉంటే అందులోనే చేయండి. మెనూకి ఆడియోనే వద్దనుకుంటే నిశ్శబ్దంగా ఉండే ట్రాక్ ఒకటి పెట్టండి, అసలు ట్రాకే లేకపోతే కొన్ని ప్లేయర్లు తిక్కగా ప్రవర్తిస్తాయి.

వాల్యూమ్ తేడాకి ఎవరూ పట్టించుకోని కారణం డైలాగ్ నార్మలైజేషన్. ఏసీ-3 ఫైల్ లోపల మైనస్ 1 నుంచి మైనస్ 31 దాకా ఓ అంకె దాక్కుని ఉంటుంది. మైనస్ 31 అయితే ప్లేయర్ సౌండ్‌ని తగ్గించదు. మైనస్ 27 అయితే 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మెనూ ఒక ఎన్‌కోడర్‌తో, వీడియో ఇంకో ఎన్‌కోడర్‌తో చేస్తే వేవ్‌ఫామ్‌లో రెండూ సమానంగా కనబడతాయి, టీవీలో మాత్రం ఒకటి గట్టిగా ఇంకోటి మెల్లగా వినిపిస్తాయి. అప్పుడు ఆడియోని పెంచడం కాదు, ఆ అంకెని సరిచేయాలి.

ఎన్‌కోడ్ తప్పనిసరైతే స్టీరియో ఏసీ-3కి 256 కేబీపీఎస్ కంటే కిందికి దిగొద్దని నా సలహా. రెండు గంటలకి అది 230 ఎంబీ మాత్రమే. పీసీఎం పెడితే 1.38 జీబీ, 4.7 జీబీ డిస్క్‌లో దాదాపు మూడోవంతు తినేస్తుంది.

క్లీన్ చేయొద్దంటే వినరు

ఇక ఏఐ నాయిస్ రిమూవల్. పిక్సెల్ 8తో వచ్చిన ఆడియో మ్యాజిక్ ఎరేజర్, గెలాక్సీ ఎస్25లోని ఆడియో ఎరేజర్ చూసి ముచ్చటపడి, పాత డిస్క్ ఆడియోకి కూడా ఇలాంటి టూల్సే వేస్తున్నారు. నిన్న తీసిన వ్లాగ్‌కి అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పెళ్లి పందిట్లో మాత్రం ఏది మాట, ఏది గోల? సన్నాయి గోలా? వెనకాల పెద్దమ్మ వడ్డన గురించి కేకలేయడం గోలా? గొంతుని మాత్రమే ఉంచమంటే ఆ టూల్ ఆ ఇద్దరినీ తుడిచేసి పంతులుగారిని రోబోలా తయారుచేస్తుంది. వినడానికి శుభ్రంగా ఉంటుంది, పెళ్లిలా ఉండదు.

మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతా. ఓ స్టూడియోకి డిస్క్ ఇచ్చి మెనూ మార్చమంటే, అప్పగింతల దగ్గర సౌండ్ సరిగా లేదని అక్కడ సినిమా పాట వేసి ఇచ్చారు. అడిగితే 'అందరూ పాటే అడుగుతారండీ' అన్నారు. ఒరిజినల్ డిస్క్ వాపసు వచ్చింది కాబట్టి బతికిపోయారు. ఆ పాటతోనే యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి సౌండ్ మ్యూట్ అయ్యే అవకాశం కూడా ఉంది, అది వేరే ముచ్చట. స్టూడియోకి ఇచ్చేటప్పుడు 'ఆడియో ముట్టుకోవద్దు' అని కాగితం మీద రాసివ్వండి. ఐఎస్ఓ మీ దగ్గర ఉంచుకుని, కాపీ మాత్రమే ఇవ్వండి.

తప్పకుండా చేయాల్సిన రిపేరు ఒకటుంది, శబ్దం ఎడమ స్పీకర్‌లోనే రావడం. క్యామ్‌కార్డర్‌కి మోనో మైక్ పెడితే ఇలా అవుతుంది. ఎడమ ఛానల్‌ని కుడికి కూడా కాపీ చేస్తే పోతుంది. రెండూ కలిపి సగం చేసే 'మిక్స్' ఆప్షన్ వాడితే కుడివైపున్న బుస్సుమనే శబ్దం కూడా వచ్చి కలుస్తుంది, అందుకే కాపీయే కరెక్ట్. పగిలిపోయిన డోలు శబ్దానికి మాత్రం పెద్దగా మందు లేదు. క్యామ్‌కార్డర్ మైక్ తట్టుకోలేక పైభాగం చదునైపోయిన అలలవి, ఎంత తగ్గించినా పగిలే వినిపిస్తాయి.

'ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారు బ్రో' అని కామెంట్ రాయబోతున్నారు కదా. నిజమే, ల్యాప్‌టాప్‌లలో డ్రైవులే లేవు. నేనైతే ముందు మేక్‌ఎంకేవీతో, ఆడియో కదల్చకుండా, చాప్టర్లతో సహా ఓ ఎంకేవీ తీస్తా. అదే మాస్టర్. ఏసీ-3 పేటెంట్ల గడువు 2017లోనే అయిపోయింది కానీ కొన్ని ఫోన్లలో డిఫాల్ట్ ప్లేయర్ ఇప్పటికీ ఆ ఆడియో పలకదు. సౌండ్ రాలేదని కన్వర్ట్ చేయడానికి పరిగెత్తకుండా ముందు వీఎల్‌సీలో పెట్టి చూడండి. రిమోట్‌లో బాణం గుర్తులు తప్ప ఇంకేం నొక్కని పెద్దవాళ్లకి మాత్రం 'ముహూర్తం', 'తలంబ్రాలు', 'అప్పగింతలు' అని పెద్ద అక్షరాల బటన్లున్న మెనూ ఇప్పటికీ పనికొస్తుంది. అందుకే డీవీడీ కూడా చేస్తా.

చివరి టెస్ట్ కంప్యూటర్‌లో చేస్తే చాలదు. వీఎల్‌సీ తప్పుల్ని మన్నించి ఆడించేస్తుంది, టీవీ కింద ఉన్న పాత ప్లేయర్ మన్నించదు. ఓ డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద బర్న్ చేసి ఆ ప్లేయర్‌లోనే పెట్టి, మెనూ నుంచి ప్రతి బటనూ నొక్కి చూడండి. ప్రతి చాప్టర్ మొదటి అయిదు సెకన్లు, డిస్క్ చివరి రెండు నిమిషాలు కచ్చితంగా వినండి. సింక్ పోతే సాధారణంగా అక్కడే దొరుకుతుంది.